ఉద్యోగానికి ఏడాది విరామం: రాజీనామాకు ముందు నుంచి తిరిగి చేరేదాకా

మా శ్రీకాకుళం జిల్లాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, పైరు ఇంకా నిలబడి ఉండగానే, మడిలో మినుములో పెసలో చల్లుతారు. కోతలూ మోతలూ అన్నీ అయ్యాక తీరిగ్గా చల్లుదామనుకుంటే అప్పటికి నేలలో తేమ ఆరిపోయి గింజ మొలవదు. దూరం నుంచి చూసేవారికి కోతలయ్యాక ఆ మడి ఖాళీగానే కనిపిస్తుంది గాని, ఆ పప్పుజాతి మొక్క వేళ్ల దగ్గర నేలకు నత్రజని చేరుతూనే ఉంటుంది. ఉద్యోగం నుంచి ఏడాది విరామం తీసుకోవాలనుకునేవారు ఈ పద్ధతినే పాటించాలని నా అభిప్రాయం. విత్తనం ఉద్యోగంలో ఉండగానే పడాలి. రాజీనామా ఇచ్చాక ఏం చేద్దామా అని ఆలోచించేవారికి మొదటి మూడు నెలలూ ఆ ఆలోచనలోనే గడిచిపోతాయి.

నేను ఎనిమిదేళ్లు హైదరాబాదులో పనిచేసి, ఒక ఏడాది శ్రీకాకుళంలో మా ఇంట్లో ఉండి, మళ్లీ ఉద్యోగంలో చేరాను. ఆ ఏడాదిలో సరిగా చేసినవీ ఉన్నాయి, చెడగొట్టుకున్నవీ ఉన్నాయి. కింద రాసిన క్రమం ఆ రెండింటి నుంచీ వచ్చింది.

మొదటి అడుగు: విరామం నిజంగా అవసరమా?

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూనే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. లిపి లేని ఆ భాషను సవరల నోటి నుంచే విని, రాసుకుని, ఏళ్ల తరబడి కృషి చేశారు. సవర భాషపై ఆయన రాసిన వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. శ్రీముఖలింగం ఆలయ శాసనాల లిపిని కూడా ఆయన సొంతంగానే నేర్చుకున్నారు. ఈ నేర్చుకోవడమంతా ఉద్యోగం చేస్తూ సాధ్యమైన పని. అందుచేత మీరు చేయదలచుకున్నది రోజుకు రెండు గంటలతో అయ్యే పనా, కాదా అన్నది ముందుగా నిజాయితీగా తేల్చుకోండి.

ఒక తెల్లకాగితం తీసుకుని, ఈ ఏడాది చివర మీ చేతిలో ఏమి ఉండాలో ఒక్క వాక్యంలో రాయండి. 'నన్ను నేను తెలుసుకోవాలి' అని రాస్తే లెక్కలోకి రాదు. 'ఫలానా పని చేతనవ్వాలి', 'ఫలానా రంగంలోకి మారాలి', 'నాన్నగారి మోకాలి ఆపరేషన్ అయి ఆయన కోలుకునే వరకు దగ్గరుండాలి, ఆ వ్యవధిలో ఈ ఒక్క కోర్సు పూర్తి చేయాలి' అన్నట్టుగా ఉండాలి. వాక్యం కుదరకపోతే మీకు కావలసింది విరామం కాదు, బహుశా సెలవు. పదిహేను రోజులు సెలవు పెట్టి, ఫోను పక్కన పడేసి, ఇంటికొచ్చి నిద్రపోయి చూడండి. పై అధికారితో సరిపడక విసిగిపోయినవారికి ఉద్యోగం మారడం ఇంకా చౌకైన మందు. ప్రభుత్వ ఉద్యోగులైతే రాజీనామా మాట అసలు ఎత్తవద్దు. రాజీనామా చేస్తే అప్పటివరకు చేసిన సర్వీసు పింఛను లెక్కలోకి రాకుండా పోతుంది. అధ్యయన సెలవు, జీతం లేని అసాధారణ సెలవు వంటి దారులు నిబంధనల్లోనే ఉన్నాయి. ప్రైవేటు సంస్థల్లోనూ కొన్నిటిలో జీతం లేని దీర్ఘకాలిక సెలవు ఇచ్చే పద్ధతి ఉంది. అడిగితే పోయేదేమీ లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రంథాలయాల్లో ఏ ఉదయం వెళ్లినా గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ పరీక్షకూ చదివేవారితో బల్లలన్నీ నిండి ఉంటాయి. వారి పట్టుదలను తక్కువ చేయడం లేదు. కానీ ముగింపు తేదీ లేని పరీక్షల తయారీని విరామ సంవత్సరం అనుకోకూడదు. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో మీ చేతుల్లో ఉండదు కాబట్టి, ఒక ఏడాది రెండేళ్లవుతుంది, రెండు మూడవుతాయి. పరీక్ష కోసమే ఆగుతున్నవారు ఎన్ని ప్రయత్నాలో, ఏ తేదీ వరకో రాసి పెట్టుకుని మొదలుపెట్టాలి.

రెండవ అడుగు: ఇంట్లో చెప్పడం

ఈ మాటను పండగకు ఇంటికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర హఠాత్తుగా చెప్పకండి. లెక్కల కాగితం చేతిలో పెట్టుకుని, అమ్మానాన్నలతో గాని భార్యాభర్తలు ఇద్దరూ గాని విడిగా కూర్చుని మాట్లాడండి. ఎంత డబ్బు ఉందో, ఎన్ని నెలలకు సరిపోతుందో, ఏ నెలలో మళ్లీ ఉద్యోగం వెతుకుతారో చెబితే పెద్దవాళ్ల భయం సగం తగ్గుతుంది. మా నాన్నగారు అడిగింది ఒకే ప్రశ్న: 'మళ్లీ తీసుకుంటారా?' దానికి నా దగ్గర సమాధానం లేదు. పాత సహోద్యోగులు ముగ్గురితో మాట్లాడి, మా రంగంలో ఏడాది ఖాళీ ఉన్నవారిని ఎలా చూస్తున్నారో తెలుసుకున్నాక గాని ఆయనకు సరిగా చెప్పలేకపోయాను. మీరు ఆ పని ముందే చేసుకోండి.

పెళ్లి కావలసినవారికి ఇంకో చిక్కు ఉంది. సంబంధాలు చూస్తున్న ఏడాదిలో 'అబ్బాయి ఏం చేస్తున్నాడు' అన్న ప్రశ్నకు నాన్న ఒకటి, మేనమామ ఇంకొకటి చెబితే మాట తేడా వస్తుంది. దాచవద్దు, అందరూ ఒకే మాట చెప్పండి. వీధిలోవాళ్ల సంగతి తేలిక. మా పక్కింటి అత్త రెండో రోజే గోడ మీంచి 'ఏటి బాబూ, ఉద్యోగం పోయిందేటి?' అని అడిగేసింది. 'లేదత్తా, నానే మానీసినాను, వచ్చే దసరాకి మళ్లీ సేరతాను' అన్నాను. తేదీ చెప్పడంతో రెండో ప్రశ్న రాలేదు.

ఆడవాళ్ల విషయంలో ఈ చర్చ వేరుగా సాగాలి. 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలైనా, ఆ తర్వాత బిడ్డను చూసుకునేవారు లేక ఉద్యోగం మానేసేవారు ఎందరో ఉన్నారు. ఆ ఏడాదిని అందరూ విరామమే అంటారు గాని, అందులో విరామం అన్నదే ఉండదు. అటువంటి ఏడాదిలోనే ఏదైనా నేర్చుకోవాలనుకుంటే, రోజుకు ఏ మూడు గంటలు బిడ్డను ఎవరు చూస్తారన్నది ముందే పేరుతో సహా తేలాలి. 'అందరం చూసుకుంటాంలే' అంటే ఎవరూ చూడరు.

మూడవ అడుగు: లెక్క

డబ్బు విషయంలో పన్నెండు నెలలకు కాకుండా పదహారు నెలలకు లెక్క వేయాలి. ఉద్యోగం వెతకడానికి, కొత్త సంస్థలో మొదటి జీతం పడడానికి పట్టే నాలుగు నెలలు కూడా మీ జేబులోంచే గడవాలి. ఉదాహరణకు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో సొంత ఇంట్లో ఉంటూ మీ వంతు ఖర్చు నెలకు 25,000 రూపాయలు అనుకుందాం. పదహారు నెలలకు 4,00,000. వాయిదా అప్పు నెలకు 15,000 ఉంటే 2,40,000. ఆరోగ్య బీమా ప్రీమియానికి 25,000, కోర్సులకూ ప్రయాణాలకూ 60,000, ఆపద నిధికి 1,00,000 కలిపితే మొత్తం 8,25,000 అవుతుంది. మీ అంకెలు వేరుగా ఉంటాయి, కానీ ఈ వరుసల్లో ఏదీ సున్నా కాదు.

ఆపద నిధి సంగతి మన తీరప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో మా జిల్లా ఉద్దానం ప్రాంతపు కొబ్బరి తోటలనూ జీడి తోటలనూ నేలకూల్చింది. కొబ్బరి మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. 'తోట మీద వచ్చేది ఉంది కదా' అన్న ధైర్యంతో విరామం మొదలుపెట్టేవారు ఆ ఆదాయాన్ని లెక్కలో వేయకుండా ఉండడం మంచిది. వస్తే సంతోషం.

అప్పుల జాబితాలో చాలామంది చీటీని మరిచిపోతారు. చీటీ పాడుకుని డబ్బు వాడేసుకున్నవారికి మిగిలిన వాయిదాలన్నీ అప్పుతో సమానమే. అది పూర్తయ్యే నెల వరకు ఆగి ఉద్యోగం మానడం ఉత్తమం. గృహ రుణం వాయిదా ఒక్క నెల తప్పినా క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. బకాయి 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని నిరర్థక ఆస్తిగా, అంటే మొండి బాకీగా, వర్గీకరిస్తుంది. బంగారం తాకట్టు పెట్టి విరామం గడపాలన్న ఆలోచన వస్తే ఆ విరామాన్ని ఇంకో ఏడాది వాయిదా వేయండి.

పోగుచేసిన మొత్తాన్ని ఒకే పొదుపు ఖాతాలో ఉంచవద్దు. మూడు నెలల ఖర్చు మాత్రం పొదుపు ఖాతాలో ఉంచి, మిగతాదాన్ని మూడేసి నెలల తేడాతో గడువు తీరేలా ఫిక్సెడ్ డిపాజిట్లుగా విడగొట్టండి. ఒక బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటరుకు బీమా రక్షణ వడ్డీతో కలిపి 5 లక్షల వరకే ఉంటుంది కాబట్టి మొత్తం అంతకు మించితే రెండు బ్యాంకుల్లో పెట్టుకోవచ్చు. ప్రతి నెలా ఒకటో తేదీన ఖర్చుల ఖాతాలోకి మీరే మీకు జీతం వేసుకోండి. అది ఇరవయ్యో తేదీకే అయిపోతే మిగిలిన పది రోజులూ సర్దుకోవాలి. ఈ చిన్న ఏర్పాటు వల్లనే నా డబ్బు చివరిదాకా నిలిచిందని అనుకుంటాను.

నాలుగవ అడుగు: ఏ నెలలో మానాలి?

దీన్ని చాలామంది ఆవేశంతో నిర్ణయిస్తారు. కానీ తేదీ ఎంపికలోనే లక్ష రూపాయలకు పైగా తేడా రావచ్చు. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు, జీతగాళ్లకు 75,000 ప్రామాణిక మినహాయింపు కలుపుకొంటే 12,75,000 వరకు, పన్ను కట్టనక్కరలేదు. ఏడాదికి 18 లక్షల జీతం ఉన్నవారికి సెస్సుతో కలిపి సుమారు 1,50,800 రూపాయల పన్ను పడుతుంది. అదే వ్యక్తి సెప్టెంబరు చివర మానేస్తే ఆ ఆర్థిక సంవత్సరంలో వచ్చిన జీతం 9 లక్షలే కాబట్టి పన్ను ఉండదు. మరుసటి అక్టోబరులో అంతే జీతానికి మళ్లీ చేరితే ఆ ఏడాది కూడా 9 లక్షలే వస్తాయి గనుక అప్పుడూ ఉండదు. మార్చి చివర మానేసి ఏప్రిల్‌లో చేరినవారికి మాత్రం ఈ లాభం దక్కదు. సంస్థ మాత్రం మీరు ఏడాదంతా ఉంటారన్న అంచనాతోనే నెలనెలా పన్ను కోసి ఉంటుంది. జీతం, పన్ను కోతల వివరాలుండే ఫారం 16ను సంస్థ నుంచి తీసుకుని గడువులోగా రిటర్ను వేస్తే ఎక్కువ కోసినది తిరిగి వస్తుంది. అయితే ఆ వాపసు సొమ్మును పై 8,25,000 లెక్కలో ముందే కలుపుకోకండి, ఖాతాలో పడ్డాకే అది మీది. డిపాజిట్ల వడ్డీ వంటి ఇతర ఆదాయాలు కూడా కలిపి చూడాలన్నది గుర్తుంచుకోండి.

ఏళ్ల తరబడి పనిచేసినందుకు మానేటప్పుడు సంస్థ ఇచ్చే సొమ్ము, గ్రాట్యుటీ, రెండో విషయం. సాధారణంగా శాశ్వత ఉద్యోగికి ఒకే సంస్థలో ఐదేళ్ల నిరంతర సర్వీసు పూర్తయితే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. చివరి నెల వేతనాన్ని (ప్రధానంగా మూలవేతనం, కరువుభత్యం) 26తో భాగించి, 15తోనూ పనిచేసిన సంవత్సరాలతోనూ గుణిస్తే వచ్చే మొత్తం అది. ఆ వేతనం 40,000 ఉన్నవారికి ఐదేళ్లకు లక్షా పదిహేను వేల పైచిలుకు వస్తుంది. నాలుగేళ్ల ఎనిమిది నెలల దగ్గర విసుగొచ్చి మానేసిన మిత్రుడు ఒకరు ఇప్పటికీ ఆ నాలుగు నెలల గురించే మాట్లాడుతుంటాడు. వార్షిక బోనస్ ఏ నెలలో పడుతుందో, ఆ రోజుకు ఉద్యోగంలో ఉండాలన్న షరతు ఉందో లేదో కూడా చూసుకుని, అక్కడి నుంచి నోటీసు కాలాన్ని వెనక్కి లెక్కించండి. 90 రోజుల నోటీసు ఉన్నవారు సెప్టెంబరు చివర బయటపడాలంటే జూలై మొదటి రోజుల్లోనే లేఖ ఇవ్వాలి.

సెప్టెంబరు చివర మానడంలో నాకు కలిసొచ్చిన ఇంకొక విషయం పండగ. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. ఎనిమిదేళ్లుగా సెలవు దొరకక చూడలేకపోయిన సిరిమానును, అంటే పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మానును, ఆ ఏడాది కోట దగ్గర నిలబడి చూశాను. ఇది పన్ను లెక్కల్లోకి రాదు.

ఐదవ అడుగు: చివరి నెలలో కాగితాలు

జీతం ఉండగానే చేయవలసినవి ముందు చేయండి. టర్మ్ బీమా తీసుకోవాలంటే కంపెనీలు ఆదాయ రుజువు అడుగుతాయి. మానేశాక అది కష్టం. సంస్థ ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా సాధారణంగా మీ చివరి పనిదినంతో ఆగిపోతుంది. అందులో మీ తల్లిదండ్రులు కూడా ఉంటే వారి రక్షణ కూడా ఆ రోజుతోనే పోతుంది. సొంత పాలసీ కనీసం కొన్ని నెలల ముందే తీసుకోవాలి. ఎందుకంటే కొత్త పాలసీలో ప్రమాదాలకు తప్ప మిగతా చికిత్సలకు మొదటి 30 రోజులు వర్తించదు. ముందు నుంచీ ఉన్న జబ్బులకైతే మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలుందేమో అడగండి. అలా మారితే గడిచిన నిరీక్షణ కాలం కలిసివస్తుంది. ఇంట్లో మూత్రపిండాల జబ్బు ఉన్న ఉద్దానం కుటుంబాలు ఈ ఒక్క పేరా కోసమైనా ఆరు నెలల ముందు నుంచి సిద్ధపడాలి.

రిలీవింగ్ లేఖ, అనుభవ ధ్రువపత్రం, ఆఖరి మూడు నెలల జీతం స్లిప్పులు, ఫారం 16 వీటన్నిటినీ సంస్థ ఈమెయిల్లో కాకుండా సొంత ఖాతాలో భద్రపరచుకోండి. ఆఖరి రోజు సాయంత్రానికి ఆ ఈమెయిల్ తెరుచుకోదు.

భవిష్యనిధిని (పీఎఫ్) తాకవద్దు. ఐదేళ్ల నిరంతర సర్వీసు లేకుండా తీస్తే అది పన్ను పరిధిలోకి వస్తుంది. తీయకుండా ఉంచితే వడ్డీ వస్తూనే ఉంటుంది, కాకపోతే ఉద్యోగం మానిన తర్వాత జమయ్యే వడ్డీకి పన్ను వర్తిస్తుంది. పింఛను భాగాన్ని అస్సలు తీయకండి. మొత్తం సర్వీసు పదేళ్లు నిండితేనే పింఛను హక్కు. ఇప్పుడు తీసేస్తే పనిచేసిన ఏళ్లన్నీ ఆ లెక్కలోంచి తుడిచిపెట్టుకుపోతాయి. నేను చేసిన పొరపాటు ఇంకొకటి ఉంది. పాత సంస్థ నా ఖాతాలో ఉద్యోగం మానిన తేదీ నమోదు చేయలేదు, నేనూ చూసుకోలేదు. ఏడాది తర్వాత కొత్త సంస్థలో చేరి నిధిని బదిలీ చేయబోతే అది ఆగిపోయింది. చివరి చందా జమైన రెండు నెలల తర్వాత ఆ తేదీని మనమే ఆధార్ ఓటీపీతో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. క్యాలెండరులో ఆ రోజును ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

ఆరవ అడుగు: మొదటి రెండు నెలలు

మొదటి రెండు వారాలు పూర్తిగా విశ్రాంతి తీసుకోండి, అందులో తప్పు లేదు. మూడో వారం నుంచి వేళలు పెట్టుకోండి. నేను అలా చేయక నష్టపోయాను. ఇంట్లో ఉన్న మనిషిని ఖాళీగా ఉన్న మనిషి అనుకోవడం మన ఊళ్లలో సహజం. అత్తయ్యను విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఆమదాలవలసలో రైలు దిగే బంధువులను తీసుకురావడం, పెళ్లి శుభలేఖలు పంచడం, కరెంటు బిల్లు, గ్యాసు బండ అన్నీ 'ఎలాగూ నువ్వు ఖాళీయే కదా' అన్న మాటతో నా మీద పడ్డాయి. నవంబరు చివర చూసుకుంటే కారు 3,000 కిలోమీటర్లు తిరిగింది గాని, కోర్సులో రెండో వారం పాఠం దాటలేదు.

దీనికి నాకు దొరికిన మందు ఇల్లు వదిలి వెళ్లడం. ఉదయం తొమ్మిదింటికి క్యారేజీ కట్టించుకుని జిల్లా గ్రంథాలయానికి వెళ్లి, ఒంటిగంట దాకా అక్కడే కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం తర్వాత ఇంటి పనులు ఎన్నైనా చేస్తానని, ఉదయం మాత్రం ఆఫీసులో ఉన్నట్టే లెక్కని ఇంట్లో చెప్పాను. వారం రోజులు నవ్వారు, తర్వాత వాళ్లే ఎవరైనా అడిగితే 'లైబ్రరీకి ఎల్లిపోనాడు' అని చెప్పడం మొదలుపెట్టారు.

ఏడవ అడుగు: ఏం నేర్చుకోవాలి, ఎలా?

గిడుగువారికి ఏళ్లు పట్టింది, మీకున్నది ఒక్క ఏడాది. వృత్తికి పనికొచ్చేది ఒకటి, మనసుకు నచ్చేది ఒకటి, ఈ రెండింటితో ఆగండి. మూడోది పెట్టుకుంటే మూడూ సగంలో మిగులుతాయి.

వృత్తి కోసం కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక 'స్వయం'లోని ఎన్‌పీటీఈఎల్ కోర్సులు మంచి ఆరంభం. ఐఐటీల ఆచార్యులు చెప్పే ఈ పాఠాలు 4, 8, 12 వారాల నిడివితో జనవరిలోనూ జూలైలోనూ మొదలవుతాయి. చేరడం, పాఠాలు వినడం ఉచితం. ధ్రువపత్రం కావాలంటే రుసుము కట్టి, పరీక్షా కేంద్రానికి స్వయంగా వెళ్లి పరీక్ష రాయాలి. సెప్టెంబరు చివర మానేసినవారు జనవరి విడత కోర్సుకు ముందే పేరు నమోదు చేసుకుంటే, మధ్యలో ఉన్న మూడు నెలలు పునాది గట్టిపరచుకోవడానికి ఉపయోగపడతాయి.

కానీ కోర్సు దగ్గరే ఆగితే చేతిలో మిగిలేది కాగితమే. నేర్చుకున్నదాన్ని నిజమైన మనుషుల నిజమైన పని మీద ప్రయోగించాలి. నేను డేటా విశ్లేషణ నేర్చుకుంటున్న రోజుల్లో పలాసలో జీడిపప్పు యూనిట్ నడిపే మా చిన్నాన్న దగ్గరికి వెళ్లి, ఆయన లెక్కల పుస్తకాలు అడిగి తీసుకున్నాను. ఒక్కో పిక్కల బస్తాకు ఎంత పప్పు వచ్చింది, అందులో గుళ్లు ఎన్ని, బద్దలు ఎన్ని, ముక్కలు ఎన్ని అన్నది ఆయన రోజూ రాసేవారు గాని, ఎప్పుడూ కూడి చూసుకోలేదు. జీడిపప్పులో 240, 320 అనే గ్రేడులు పౌను బరువుకు ఎన్ని గుళ్లు తూగుతాయన్న దాన్ని బట్టి వస్తాయని, ముక్క అయినదాని ధర ఒక్కసారిగా పడిపోతుందని నాకు అక్కడే తెలిసింది. మూడేళ్ల లెక్కలు కంప్యూటరులో ఎక్కించి చూస్తే, కొన్ని వారాల్లో ముక్కలు ఎప్పుడూ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. కారణం చిన్నాన్నకు వెంటనే తట్టింది: ఆ వారాల్లో కొత్తవాళ్లు పిక్కల కోతకు వచ్చారు. ఆరు నెలల తర్వాత ఇంటర్వ్యూలో నన్ను ధ్రువపత్రాల గురించి ఎవరూ అడగలేదు, జీడిపప్పు గురించే ముప్పావుగంట మాట్లాడించారు. మీ ఊళ్లో రైతు ఉత్పత్తిదారుల సంఘమో, బావ మందుల దుకాణమో, మీరు చదివిన బడో ఏదో ఒకటి ఉంటుంది. జీతం అడగకండి, ఎన్ని వారాల్లో ఏం చేసి ఇస్తారో మాత్రం ముందే చెప్పండి.

గ్రామీణ ప్రాంతంలో సంస్థతో కలిసి పనిచేయాలనుకునే 21 నుంచి 32 ఏళ్ల పట్టభద్రులకు ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ ఉంది. భృతి ఇస్తారు. అయితే దాని కాలం 13 నెలలు కాబట్టి మీ ఏడాది లెక్కను అందుకు తగ్గట్టు పొడిగించుకోవాలి.

మనసుకు నచ్చిన దాని కోసం దూరం వెళ్లనక్కరలేదు. విజయనగరంలోని మహారాజా సంగీత కళాశాల 1919లో ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసుగారు దాని మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ నేర్పారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ నుంచి వీణ చెక్కడం చూడవచ్చు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్ననూలు వడకడం చూడవచ్చు. చూడడం వేరు, నేర్చుకోవడం వేరు. ఏదో ఒకదాని దగ్గర వారానికి రెండు పూటలు క్రమం తప్పకుండా కూర్చోగలిగితేనే మొదలుపెట్టండి.

ఎనిమిదవ అడుగు: మధ్య నెలలు

అయిదు నుంచి ఎనిమిది నెలల మధ్య ఒక గడ్డుకాలం వస్తుంది. మొదటి ఉత్సాహం అయిపోతుంది, ముగింపు ఇంకా కనబడదు, పాత సహోద్యోగుల పదోన్నతి వార్తలు వస్తుంటాయి. మే నెల ఉక్కపోత కూడా సరిగ్గా అప్పుడే. ఈ కాలానికి రెండు పనులు ముందే పెట్టుకోండి. ప్రతి నెలా ఆఖరి ఆదివారం ఒక పేజీ రాయండి: ఏం పూర్తయింది, ఎంత ఖర్చయింది, వచ్చే నెల ఏం వదిలేస్తారు. రెండోది, పాత రంగంలో ఉన్నవారిలో నెలకు ఒకరితోనైనా ఫోనులో మాట్లాడండి. ఉద్యోగం అడగడానికి కాదు, అక్కడ ఏం మారుతోందో వినడానికి. ఏడాది పాటు ఎవరితోనూ మాట్లాడకుండా, అవసరం పడ్డ రోజున పలకరిస్తే ఆ పలకరింపు రంగు ఎవరికైనా తెలిసిపోతుంది.

నిద్ర పట్టకపోవడం, ఎవరినీ కలవాలనిపించకపోవడం వారాల తరబడి సాగితే అది క్రమశిక్షణ లోపం కాదు. వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

తొమ్మిదవ అడుగు: తిరిగి రావడం

తొమ్మిదో నెల మొదటి రోజున ఉద్యోగ వేట మొదలుపెట్టండి. నేర్చుకోవడం పూర్తి కాలేదనిపించినా మొదలుపెట్టండి, ఎందుకంటే అది పూర్తయినట్టు ఎప్పటికీ అనిపించదు. ఖాతాలో నాలుగు నెలల ఖర్చుకు తగ్గిపోతే మాత్రం తొమ్మిదో నెల కోసం కూడా ఆగవద్దు.

రెజ్యూమేలో ఆ ఏడాదిని దాచవద్దు. తేదీలతో సహా ఒక వరుసగా రాసి, కింద చేసిన పనిని రెండు ముక్కల్లో చెప్పండి. లింక్డ్‌ఇన్‌లో కూడా కెరీర్ విరామాన్ని నమోదు చేసే ఏర్పాటు 2022 నుంచి ఉంది. ఖాళీని కప్పిపుచ్చడానికి డబ్బిచ్చి దొంగ అనుభవ పత్రాలు కొనడం హైదరాబాదులో కొందరు చేసే పనే. భవిష్యనిధి ఖాతాలో ఏ నెల ఎవరు చందా కట్టారో స్పష్టంగా ఉంటుంది కాబట్టి, చేరాక జరిగే తనిఖీలో అది బయటపడితే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది.

'ఏడాది ఎందుకు ఖాళీ?' అన్న ప్రశ్నకు మూడు వాక్యాలు చాలు: ఎందుకు మానారు, ఏం చేశారు, అది ఈ ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది. అద్దం ముందు నిలబడి కాకుండా, ఇంట్లో ఎవరికైనా చెప్పి చూడండి. మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగిన రోజున నా జవాబు కుదిరింది. క్షమాపణ స్వరంతో మాత్రం మొదలుపెట్టకండి. జీతం దగ్గర 'గ్యాప్ ఉంది కదా' అని తగ్గించబోతే, పాత జీతాన్ని కాకుండా ఆ ఉద్యోగానికి మార్కెట్లో ఇస్తున్నదాన్ని ప్రమాణంగా చెప్పండి. కొంత తగ్గినా నేను ఒప్పుకున్నాను, రంగం మారాను కాబట్టి. రంగం మారనివారు ఒప్పుకోనవసరం లేదని నా అభిప్రాయం.

చేరే రోజున భవిష్యనిధికి కొత్త నంబరు తీసుకోకుండా పాత యూఏఎన్‌నే (సంస్థ మారినా మారని భవిష్యనిధి నంబరు) ఇవ్వండి. కొత్త సంస్థ గ్రూపు బీమా ఇస్తుంది గదా అని, విరామం కోసం ముందే తీసుకున్న సొంత ఆరోగ్య పాలసీని ఆపేయకండి. మూడేళ్ల నిరీక్షణ కాలంలో ఒక ఏడాది అప్పటికే గడిచి ఉంటుంది. మిగిలిన ఫిక్సెడ్ డిపాజిట్ ఏదైనా ఉంటే మొదటి జీతం పడేదాకా దాన్ని విడిపించకండి. నేను చేరింది నెలలో ఇరవై రెండో తేదీన కావడంతో జీతం ఆ నెల జాబితాలో ఎక్కలేదు, హైదరాబాదులో ఇంటి అడ్వాన్సుకు ఆ డిపాజిట్టే పనికొచ్చింది.